నడుం పట్టేస్తే... సాగేది కండరమా, మన ఓర్పా?

పుదుచ్చేరి బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు తిరగవు. గాంధీ విగ్రహం చుట్టుపక్కల వేగంగా నడిచేవాళ్లు, ఒళ్లు విరుచుకునేవాళ్లు కనిపిస్తారు. ప్రతి జనవరిలో అంతర్జాతీయ యోగా ఉత్సవం జరిగే ఊరిది. ఇక్కడి జిప్‌మర్ వైద్య సంస్థలో యోగా చికిత్స, పరిశోధనల కోసం 2008లోనే ప్రత్యేక కేంద్రం మొదలైంది. అయినా ఏ ఊళ్లోనైనా నడుం పట్టేసిందనగానే ముందు వినిపించే సలహా ఒకటే: "నాలుగు రోజులు కదలకుండా పడుకోండి." మామూలు నడుం నొప్పికి ఈ సలహా మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

బకెట్ లెక్క

10 కిలోల నీళ్ల బకెట్‌ను వెన్నెముకకు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నారనుకోండి. దాన్ని నిలబెట్టే వీపు కండరాలు వెన్నెముకకు సుమారు 5 సెంటీమీటర్ల దూరం నుంచే లాగాలి. దూరం 8 రెట్లు తక్కువ కాబట్టి బలం 8 రెట్లు కావాలి. అంటే దాదాపు 80 కిలోల బరువుకు సమానం. ఒంటి బరువు దీనికి అదనం. అదే బకెట్‌ను 20 సెంటీమీటర్ల దూరానికి తెచ్చుకుంటే ఈ భారం సగమవుతుంది.

ఇంత బలంగా పనిచేసే కండరాలు, నొప్పి రాగానే రక్షణ కోసం బిగుసుకుంటాయి. కదిలితే ఏమవుతుందోనన్న భయంతో మనం కదలడం మానేస్తాం. దాంతో బిగుతు ఇంకా పెరుగుతుంది. ప్రపంచవ్యాప్తంగా 2020లో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారని అంచనా. వీరిలో దాదాపు 90 శాతం మందికి ఫలానా ఎముక వల్ల, ఫలానా డిస్క్ వల్ల అని చెప్పగలిగే కారణం ఉండదు.

స్ట్రెచింగ్ ఏం చేస్తుంది?

కొన్ని వారాలు సాధన చేస్తే ముందుకన్నా ఎక్కువ వంగగలుగుతాం. కండరం పొడవు పెరిగిందనుకుంటాం. కానీ ముఖ్యంగా తొడ వెనక కండరాలపై జరిగిన పరీక్షల్లో, అదే బలంతో లాగితే కండరం దాదాపు మునుపటంతే సాగింది. పెరిగింది లాగుడును ఓర్చుకునే శక్తి. "ఈ కదలిక వల్ల ప్రమాదం లేదు" అని నాడీ వ్యవస్థ నేర్చుకుంటుందన్నమాట. అందుకే బలవంతంగా లాగడం కన్నా నెమ్మదిగా, రోజూ చేయడం ముఖ్యం.

అమెరికాలో 228 మందిపై జరిగిన ఒక అధ్యయనం 2011లో ప్రచురితమైంది. కొందరికి 12 వారాల పాటు యోగా, కొందరికి స్ట్రెచింగ్ నేర్పించారు. మిగతావారికి నడుం సంరక్షణ పుస్తకం ఇచ్చారు. పుస్తకం కన్నా రెండు తరగతులూ మెరుగైన ఫలితమిచ్చాయి. యోగా, స్ట్రెచింగ్‌ల మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఎలా చేయాలి?

వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని రెండు చేతులతో ఛాతీ వైపు తెచ్చుకోండి. 20 నుంచి 30 సెకన్లు ఉంచి, రెండో కాలితో చేయండి. తర్వాత చేతులు, మోకాళ్లు నేలకు ఆనించి, పిల్లిలా వీపును పైకి వంచి, నెమ్మదిగా కిందికి దించండి. ఇలా 8 నుంచి 10 సార్లు చేయండి. ఊపిరి బిగపట్టవద్దు. లాగినట్టు అనిపించాలి కానీ పోటు రాకూడదు. నొప్పి కాలిలోకి దిగితే ఆపేయండి.

నిద్ర లేవగానే మాత్రం వద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉదయాన్నే మనం ఒక సెంటీమీటరుకు పైగా పొడవుండేది అందుకే. అప్పుడు ముందుకు వంగితే డిస్కులపై ఒత్తిడి ఎక్కువ. కాసేపు అటూ ఇటూ తిరిగాక చేయండి.

నడక కూడా మందే. నొప్పి తగ్గిన 701 మందిపై ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనం 2024లో వెలువడింది. క్రమంగా నడక పెంచుకున్నవారిలో నొప్పి తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం 208 రోజులు, మిగతావారిలో 112 రోజులు.

ఇవి ఉంటే ఆగవద్దు

మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాలు బలహీనపడటం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా వైద్యులను కలవాలి. వెన్నెముకకు వచ్చే క్షయ కూడా మొదట మామూలు నడుం నొప్పిలాగే కనిపించవచ్చు.

ఇవేవీ లేకపోతే మంచం దిగి నడవండి. మీ నడుముకు కావలసింది విశ్రాంతి కన్నా భరోసా.