పాఠం 12: చేతికి ఆపరేషన్ – చేయించుకోవాలా? ఎప్పుడు?

12.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- చేతి తిమ్మిరికి ఒక ముఖ్య కారణాన్ని వివరించగలుగుతారు.
- ఆపరేషన్ అవసరమైన సందర్భాన్ని, అవసరం లేని సందర్భాన్ని వేరుచేసి చెప్పగలుగుతారు.
- వెంటనే చేయించుకోవలసినది ఏది, ఆగదగినది ఏది గుర్తించగలుగుతారు.
- డాక్టరును అడగవలసిన ప్రశ్నలు తయారుచేసుకోగలుగుతారు.

12.2 పరిచయం

గుజరాత్ రాష్ట్రంలో తాపీ నది ఒడ్డున సూరత్ నగరం ఉంది. బట్టల తయారీకి, వజ్రాల సానకు ఇది పేరు పొందింది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి వేలాది నేత కుటుంబాలు ఇక్కడికి వలస వెళ్లాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది.

మరమగ్గాన్ని మనవాళ్లు సాంచె అంటారు. సాంచెల దగ్గర చేతులకు విశ్రాంతి తక్కువ. తెగిన పోగు అతకాలి, కండె మార్చాలి, తాకాలు మోయాలి. ఇళ్లలో స్త్రీలు చీరలకు రాళ్లు అతికిస్తారు, వేలాడే పోగులు కత్తిరిస్తారు. కూలి ఎక్కువగా మీటర్ల లెక్కన, చీరల లెక్కన వస్తుంది. చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది. అందుకే "ఆపరేషన్" అనే మాట వినగానే ఇంటిల్లిపాదికీ దిగులు పుడుతుంది. ఈ విషయంలో తొందరపడినా నష్టమే, ఆలస్యం చేసినా నష్టమే. ఏది ఎప్పుడు నష్టమో తెలుసుకుందాం.

12.3 మణికట్టు లోపల ఏముంది?

మీ అరచేతిని పైకి తిప్పి మణికట్టును చూడండి. అక్కడ చర్మం కింద ఒక ఇరుకైన దారి ఉంది. దాని అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీ ఉంటాయి. వేళ్లను ముడిచే 9 తాళ్లవంటి స్నాయువులు, ఒక నరం ఈ దారిలోనుండే వెళ్తాయి. దారిలో వాపు వస్తే నరం నలుగుతుంది. దీనినే డాక్టర్లు కార్పల్ టన్నెల్ జబ్బు అంటారు.

ఈ నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగభాగానికి స్పర్శ ఇస్తుంది. కాబట్టి తిమ్మిరి ఈ వేళ్లలోనే వస్తుంది. చిటికెనవేలికి సాధారణంగా రాదు. రాత్రి తిమ్మిరితో మెలకువ రావడం, చెయ్యి విదిలిస్తే హాయి కలగడం దీని గుర్తులు.

గట్టిగా పట్టుకోవడం, మణికట్టును పదేపదే వంచడం, యంత్రాల అదురు ఈ జబ్బుకు దోహదం చేస్తాయి. మధుమేహం, థైరాయిడ్ లోపం, కీళ్లవాతం, గర్భం కూడా కారణాలు కావచ్చు. స్త్రీలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అందువలన ముందు రక్తపరీక్ష చేయించడం మంచిది.

12.4 ఆపరేషన్ కంటే ముందు ఏమి చేయవచ్చు?

జబ్బు తొలిదశలో ఉంటే చాలామందికి వెంటనే ఆపరేషన్ అవసరం ఉండదు.

(అ) రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ కట్టుకోవాలి. కనీసం 6 వారాలు విడవకుండా వాడాలి.
(ఆ) పనిలో మధ్యమధ్య చేతికి విశ్రాంతి ఇవ్వాలి. వీలైతే బరువులు మోసే పనిని కొంతకాలం మార్చుకోవాలి.
(ఇ) డాక్టరు అవసరమనుకుంటే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తారు. కొన్ని వారాలు లేదా నెలలు ఉపశమనం ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి దీనివలన కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చు.

వీటితో తగ్గితే ఆపరేషన్ అక్కరలేదు. తగ్గకపోతే, తగ్గి మళ్లీ మళ్లీ వస్తే ఆలోచించాలి.

12.5 నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్లేనా?

ఇద్దరు సాంచె కార్మికులను ఊహించుకోండి. మొదటివానికి 3 నెలలుగా రాత్రిపూట తిమ్మిరి వస్తున్నది. పగలు చెయ్యి బాగానే ఉంటుంది. రెండవవానికి ఏడాదిగా తిమ్మిరి. ఇప్పుడు నొప్పి తగ్గింది. కాని వేళ్లలో స్పర్శ లేదు. పోగు చేతిలో ఉన్నదీ లేనిదీ తెలియడం లేదు, కండె జారిపోతున్నది. బొటనవేలి మొదట్లో ఉండే కండ పలచబడింది. అయినా అతడు తోటివానితో, "నొప్పి పోయింది గదా అన్నా, దీపావళికి చూసుకుందాం తీ" అంటున్నాడు.

వీరిలో ఎవరికి తొందర ఎక్కువ? రెండవవానికే. అతనికి నొప్పి తగ్గింది జబ్బు నయమై కాదు, నరం మొద్దుబారి. ఈ తేడా గుర్తుంచుకోండి. నరం చాలాకాలం నలిగితే, ఆపరేషన్ తరువాత కూడా స్పర్శ, బలం పూర్తిగా రాకపోవచ్చు. కాబట్టి నిర్ణయానికి కొలత నొప్పి కాదు, నరం స్థితి. ఎన్.సి.వి. అనే నరాల పరీక్ష ఆ స్థితిని తెలుపుతుంది.

12.6 మూడు రకాల సమయాలు

దీపావళికి సూరత్‌లో సాంచెలు, వజ్రాల కార్ఖానాలు కొన్ని వారాలు మూతపడతాయి. ఆ సెలవుల్లో ఆపరేషన్ చేయించుకుంటే కూలి నష్టం తగ్గుతుంది. ఈ ఆలోచన మంచిదే. అయితే అన్ని జబ్బులూ పండుగదాకా ఆగవు.

1. ఆ రోజే వెళ్లవలసినవి: వేలు తెగిపోవడం, లోతుగా కోసుకుని వేలు ముడవలేకపోవడం లేదా స్పర్శ పోవడం, చెయ్యి ఎర్రగా వాచి చీముపట్టి జ్వరం రావడం. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి చేతిని ఎత్తి ఉంచాలి. పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టకూడదు. తెగిపడిన వేలిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, ఆ సంచిని మంచులో పెట్టి తీసుకువెళ్లాలి. వేలికి మంచు నేరుగా తగలకూడదు.
2. వారాలలో తేల్చుకోవలసినవి: ఎడతెగని తిమ్మిరి, వస్తువులు జారిపోవడం, బొటనవేలి కండ కరగడం. వీటికి పండుగ కోసం నెలల తరబడి ఆగకూడదు.
3. వీలు చూసుకుని చేయించదగినవి: వచ్చిపోయే తిమ్మిరి, వేలు ముడుచుకుని టక్కున తెరుచుకునే జబ్బు. ముందు పట్టీ, ఇంజక్షన్ ప్రయత్నించవచ్చు. తగ్గకపోతే సెలవుల్లో చేయించుకోవచ్చు.

12.7 ఆపరేషన్‌లో ఏమి చేస్తారు?

చెయ్యి మాత్రమే మొద్దుబారేలా ఇంజక్షన్ ఇచ్చి, మణికట్టు దారిపై ఉన్న పట్టీని కోసి వదులు చేస్తారు. సాధారణంగా అరగంటలోపే అయిపోతుంది. అదే రోజు ఇంటికి రావచ్చు. వేళ్లను మొదటిరోజు నుండే కదిలించాలి. కుట్లు 10 – 14 రోజులకు తీస్తారు. బరువు పనికి 6 వారాలు లేదా అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. పట్టు బలం రావడానికి కొన్ని నెలలు పడుతుంది. కొందరికి కోసినచోట కొంతకాలం నొప్పి ఉంటుంది. చీముపట్టడం, నరానికి దెబ్బ తగలడం అరుదు, కాని అసలు జరగవని కాదు. రెండు చేతులకూ జబ్బు ఉంటే ఒకదాని తరువాత ఒకటి చేయించుకోవడం మేలు. లేకపోతే అన్నం తినడానికి కూడా ఇతరులపై ఆధారపడాలి.

12.8 ఖర్చు, కూలి

సూరత్‌లో ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థవారి స్మిమేర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎముకల విభాగంలో చూపించుకోవచ్చు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికి వైద్యంతోపాటు, చందా నియమాలు పూర్తయితే, జబ్బు సెలవులో సగటు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు లభిస్తుంది. పనిలో గాయమైతే 90 శాతం వస్తుంది. ఆయుష్మాన్ కార్డు ఉంటే ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో చేరకముందే అడగండి.

లెక్క చూడండి. రోజు కూలి 600 రూపాయలు అనుకుందాం. 30 రోజులకు నష్టం 18,000 రూపాయలు. కార్డు ఉంటే సుమారు 12,600 వస్తుంది. లేనివారు ఈ మొత్తాన్ని ముందుగానే కూడబెట్టుకోవాలి. అయితే చేతి బలం పోతే నష్టం నెలతో ఆగదు, ప్రతి నెలా ఉంటుంది.

12.9 డాక్టరును ఇలా అడగండి

- నా జబ్బు పేరేమిటి? నరం ఎంత దెబ్బతిన్నది?
- మూడు నెలలు ఆగితే ఏమవుతుంది?
- ఆపరేషన్ కాక మరో మార్గం ఉందా?
- సాంచె పనికి ఎన్నాళ్లకు వెళ్లగలను?
- మొత్తం ఖర్చు ఎంత?

భాష రాదని ఊరుకోకండి. హిందీలో "హాథ్ సున్న్ హో జాతా హై" అనండి. గుజరాతీలో "హాథ్‌మా ఖాలీ చడే ఛే" అనండి. ఏ వేళ్లలో వస్తుందో చూపండి. సందేహముంటే మరో డాక్టరు సలహా తీసుకోవడం తప్పు కాదు.

12.10 సారాంశం

చేతి తిమ్మిరికి తొలిదశలో పట్టీ, విశ్రాంతి, ఇంజక్షన్ సరిపోవచ్చు. ఎడతెగని తిమ్మిరి, కండ కరగడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. సెలవులను బట్టి ఆపరేషన్ తేదీని ఎంచుకోవచ్చు. కాని సెలవులదాకా ఆగవచ్చా లేదా అన్నది నరం స్థితిని బట్టి తేలాలి.

12.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మణికట్టులో నరం నలిగితే సాధారణంగా తిమ్మిరి రాని వేలు ఏది?
2. నొప్పి తగ్గినా జబ్బు ముదిరిందని ఏ గుర్తులు తెలుపుతాయి?
3. ఒకామెకు 2 నెలలుగా రాత్రిపూట మాత్రమే తిమ్మిరి వస్తున్నది. ఆమె ముందుగా ఏమి చేయాలి?
4. మీ ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అవసరమైతే 6 వారాల ఇంటి ఖర్చు ఎలా నడుస్తుందో లెక్క రాయండి.

జవాబులు: 1. చిటికెనవేలు. 2. స్పర్శ లేకపోవడం, వస్తువులు జారిపోవడం, బొటనవేలి కండ కరగడం. 3. డాక్టరుకు చూపించి, రక్తపరీక్ష చేయించుకుని, 6 వారాలు రాత్రి పట్టీ వాడాలి. 4. మీ సొంత జవాబు.