నెత్తి గాయం: ఐదు పొరలు చెప్పే పాఠం

గత ఏడాది మా వైద్య సేవా బృందం ముందుకు రెండు నెత్తి గాయాలు వచ్చాయి. మొదటిది ఎనిమిదేళ్ల బాబుది. జుమా నమాజు అయ్యాక మెట్ల మీద పరుగెత్తుతూ జారిపడ్డాడు. మెట్టు అంచు తగిలి నెత్తి పగిలింది, ముఖమంతా రక్తం. "యా అల్లాహ్, నా బిడ్డ తల పగిలింది" అంటూ తల్లి కూలబడింది. ఒకాయన పక్క హోటల్ నుంచి కాఫీ పొడి పట్టుకొచ్చాడు. మా వాళ్లు అది వేయనివ్వకుండా, శుభ్రమైన చేతిరుమాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టారు. పది నిమిషాల్లో రక్తం ఆగింది. నాలుగు కుట్లు వేయించుకుని బాబు సాయంత్రానికి ఇల్లు చేరాడు.

రెండోది ఒక యువకుడిది. శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి మీద బైకు జారింది. హెల్మెట్ లేదు. చెవి పైభాగంలో దెబ్బ తగిలినా చిన్న గీత తప్ప రక్తం లేదు. లేచి బట్టలు దులుపుకుని, "కుచ్ నహీ హువా చాచా" అని ఇంటికి వెళ్లి పడుకున్నాడు. రాత్రికి వాంతులు, మగత. ఆస్పత్రికి తీసుకెళ్తే పుర్రె లోపల రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. అల్లాహ్ దయవల్ల బతికాడు.

ఎక్కువ రక్తం పోయిన గాయం తేలికగా మానింది. రక్తమే రాని దెబ్బ ప్రాణం మీదకు తెచ్చింది. ఇది ఎందుకో అర్థం కావాలంటే మన నెత్తి చర్మం ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

ఐదు పొరలు

ముందు కనుబొమల నుంచి వెనుక మెడ మొదలయ్యే ఎముక గట్టు వరకు, పక్కల చెంప ఎముక కమాను వరకు ఉన్న భాగాన్ని వైద్యులు స్కాల్ప్ అంటారు. ఆ ఇంగ్లీషు మాటలోని ఐదు అక్షరాలే ఐదు పొరలకు గుర్తులుగా వైద్య విద్యార్థులు నేర్చుకుంటారు.

మొదటిది చర్మం. వెంట్రుకలు, చెమట గ్రంథులు, నూనె గ్రంథులు ఇందులో దట్టంగా ఉంటాయి. నూనె గ్రంథులు ఎక్కువ కాబట్టే నెత్తి మీద గుండ్రటి కొవ్వు గడ్డల్లాంటివి తరచుగా కనిపిస్తాయి.

రెండోది గట్టి సంయోజక కణజాలం. రక్తనాళాలు, నాడులు ఎక్కువగా ఇందులోనే పరుచుకుని ఉంటాయి. ఒక్కో పక్క ఐదు ధమనులు నెత్తికి రక్తం అందిస్తాయి. నుదుటి వైపు రెండు, చెవి ముందు ఒకటి, చెవి వెనుక ఒకటి, తల వెనుక ఒకటి. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి.

మూడోది గేలియా అనే బలమైన పలక. నుదుటి కండరాన్ని, తల వెనుక కండరాన్ని ఇది కలుపుతుంది. పై మూడు పొరలు అతుక్కుని ఒకే దుప్పటిలా కదులుతాయి. కనుబొమలు ఎగరేసినప్పుడు నెత్తి కదిలేది అందుకే.

నాలుగోది వదులు కణజాలం. పై దుప్పటి జారేది దీని మీదే. ఐదోది పుర్రె ఎముకను అంటిపెట్టుకున్న పలచని పొర.

రక్తం ఎందుకు అంతగా పోతుంది?

చేతి మీద గాయమైతే తెగిన రక్తనాళం ముడుచుకుని కొంతవరకు తనంతట తానే మూసుకుంటుంది. నెత్తిలో అలా జరగదు. రెండో పొరలోని గట్టి నారలు నాళం గోడలను పట్టి ఉంచుతాయి కాబట్టి తెగిన నోరు తెరుచుకునే ఉంటుంది. పైగా నాళాలన్నీ కలిసి ఉండటంతో రెండు వైపుల నుంచీ రక్తం వస్తుంది. గేలియా కూడా అడ్డంగా తెగితే ముందు, వెనుక కండరాలు చెరో వైపు లాగి గాయం నోరు తెరుస్తాయి.

అయితే మేలు కూడా ఇక్కడే ఉంది. కింద గట్టి ఎముక ఉంది కనుక పై నుంచి అదిమితే నాళాలు మూసుకుంటాయి. మడిచిన శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా అదమాలి. గుడ్డ తడిస్తే తీయకుండా దాని మీదే ఇంకొకటి పెట్టాలి. రక్త సరఫరా బాగా ఉన్నందున నెత్తి గాయాలు త్వరగా మానుతాయి. కుట్లు సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో తీస్తారు. ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమో కాదో డాక్టరును అడగాలి.

ఒక జాగ్రత్త. వేళ్ల కింద ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టు అనిపించినా, ఎముక ముక్క కనిపించినా అక్కడ గట్టిగా అదమకూడదు. గుడ్డ వదులుగా కప్పి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. చిన్నపిల్లలకు ఒంట్లో ఉండే రక్తమే తక్కువ కాబట్టి, నెత్తి గాయంతోనే నీరసించి ప్రమాదంలో పడవచ్చు.

నాలుగో పొర: ప్రమాదం ఉన్న చోటు

వైద్య పుస్తకాలు నాలుగో పొరను ప్రమాదకరమైన పొర అంటాయి. చీము గానీ రక్తం గానీ ఇందులో చేరితే తలంతా పాకుతుంది. పుర్రె ఎముకలోని రంధ్రాల గుండా వెళ్లే చిన్న సిరలు ఈ పొరను మెదడు చుట్టూ ఉన్న పెద్ద సిరలతో కలుపుతాయి. వాటికి కవాటాలు ఉండవు. అంటే నెత్తి మీది చీము లోపలికి చేరే దారి ఉంది. గాయంలో కాఫీ పొడి, పసుపు, సున్నం వేయవద్దని, నెత్తి మీది సెగ్గడ్డ పిండవద్దని మేము పదే పదే చెప్పేది ఇందుకే.

నుదుటి కండరం కనుబొమల దగ్గర ఎముకకు అతుక్కుని ఉండదు. అందువల్ల నెత్తి మీద దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకు రక్తం కిందికి దిగి కన్ను నల్లబడవచ్చు. కానీ కంటికి దెబ్బ తగలకుండానే రెండు కళ్లూ నల్లబడితే పుర్రె అడుగు భాగం చిట్లి ఉండవచ్చు. వెంటనే చూపించాలి.

యంత్రంలో జుట్టు గానీ దుపట్టా గానీ చిక్కుకుంటే పై మూడు పొరలు ఈ వదులు పొర దగ్గరే ఊడివస్తాయి. మేడ్చల్ కార్ఖానాల్లో పనిచేసే మన ఆడపడుచులు జుట్టు ముడివేసి గట్టిగా కట్టుకోవాలి. బైకు వెనుక కూర్చున్నప్పుడు దుపట్టా, బుర్ఖా అంచులు చక్రానికి దూరంగా దోపుకోవాలి. అలా ఊడిన చర్మాన్ని పారేయకండి. తడి శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు మీద పెట్టి రోగితో పాటే పంపండి. చర్మానికి ఐసు నేరుగా తగలకూడదు. సన్నని రక్తనాళాలను కుట్టి తిరిగి అతికించే శస్త్రచికిత్స 1976 నుంచి ఉంది.

పసిబిడ్డ తల

కాన్పు తరువాత బిడ్డ తల మీద మెత్తటి వాపు ఉంటే అది తరచుగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఒక ఎముక హద్దుల్లోనే నిలిచే రక్తపు వాపు అయితే వారాలు పడుతుంది. దాన్ని నూనె పెట్టి పిసకకూడదు, సూదితో తీయించకూడదు. అది కరిగేటప్పుడు కామెర్లు పెరగవచ్చు కనుక డాక్టరు చూస్తూ ఉండాలి. వాపు గంటగంటకూ తలంతా పాకుతూ, బిడ్డ పాలిపోతే నాలుగో పొరలోకి రక్తం పోతోందని అనుమానించాలి. మూడు కిలోల బిడ్డ ఒంట్లో రక్తం సుమారు పావు లీటరే. క్షణం ఆలస్యం చేయరాదు.

అఖీఖా నాడు తల గొరిగించేటప్పుడైనా, పొరుగింటి వారి పుట్టు వెంట్రుకలకైనా కొత్త బ్లేడు, కడిగిన చేతులు తప్పనిసరి. మాడు దగ్గర ఎముక ఇంకా కలవదు కాబట్టి అక్కడ నొక్కకూడదు. తల మీద వాపు ఉంటే ముందు డాక్టరును అడగండి.

రక్తం రాని దెబ్బ

ఇక ఆ యువకుడి సంగతి. ఐదు పొరల కింద ఎముక ఉంది. చెవి పైభాగంలో అది పలచన. దాని లోపలి వైపున మెదడు పొరకు రక్తం ఇచ్చే ధమని ఉంటుంది. ఎముక చిట్లి అది తెగితే రక్తం ఎముకకూ మెదడు పొరకూ మధ్య చేరుతుంది. కొన్ని గంటలు మనిషి మామూలుగానే మాట్లాడి, ఆ తరువాత స్పృహ తప్పవచ్చు. నెత్తి చర్మం తెగలేదు కాబట్టి బయట ఏమీ కనిపించదు.

అందుకే రక్తాన్ని కాదు, మనిషిని చూడాలి. కాసేపైనా స్పృహ తప్పడం, మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తికమక మాటలు, ఫిట్స్, కాలు చేయి పట్టు తప్పడం, చెవి నుంచో ముక్కు నుంచో నీరులాంటి ద్రవం కారడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవారికి చిన్న దెబ్బ తగిలినా చూపించాలి.

2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ కేంద్ర కార్యాలయం మన దేవరయాంజాల్‌లోనే ఉంది. ఆ నంబరు నొక్కడానికి జంకవద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, ప్రమాద బాధితుడికి సదుద్దేశంతో సాయపడిన వారిపై కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయడానికీ వీల్లేదు.

చివరిగా మా మనవి ఒకటే. నమాజుకు టోపీ, బండికి హెల్మెట్. ఇల్లు దగ్గరే కదా అని మానవద్దు. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి. రక్తం కారితే అదమండి. రక్తం కారకపోయినా, ఆ రాత్రి దెబ్బ తగిలిన వాడిని ఒంటరిగా వదలకండి. అల్లాహ్ మన బిడ్డలందరినీ చల్లగా కాపాడుగాక. ఆమీన్.