తాళపుచెవులకొక ఖజానా

మానవుడు ధనం కూడబెట్టడం నేర్చిన నాడే దానికి తాళం వేయడమూ నేర్చినాడు. తాళం వేసిన మరుక్షణం మరొక ప్రశ్న పుట్టింది: తాళపుచెవిని ఎక్కడ దాచాలి? మన కోనసీమ మండువా లోగిళ్లలో భోషాణపు తాళపుచెవి ఇంటిపెద్ద మొలతాడుననో, ఇల్లాలి కొంగుననో ఉండేది. కొంగున ఒక్క చెవి ఉన్నంతకాలం ఈ ప్రశ్నకు జవాబు సులభం. చెవులు వేలకొలదిగా పెరిగి, వాటిని వాడేది మనుషులు గాక యంత్రాలైనప్పుడు ఏమి చేయాలన్నదే ఈ వ్యాస విషయం.

ప్రభుత్వ ఖజానాలు ఈ సమస్యను ఏనాడో ఎదుర్కొన్నాయి. అక్కడ అమలైన డబుల్ లాక్ పద్ధతిలో ఒకే తలుపుకు రెండు తాళాలు ఉంటాయి. వాటి చెవులు ఇద్దరు వేర్వేరు ఉద్యోగుల వద్ద ఉంటాయి గనుక ఏ ఒక్కరూ ఒంటరిగా లోపలికి పోలేరు. ఎన్నికల ఓటింగు యంత్రాలను భద్రపరచే గదులకు సైతం ఇదే నియమం. ఇందులో మూడు సూత్రాలు ఇమిడి ఉన్నాయి. అవసరమున్న వారికే ప్రవేశం; ముఖ్యమైన తలుపుకు ఒకరికి మించిన సమ్మతి; తెరచిన ప్రతిసారీ రిజిస్టరులో నమోదు.

ఇక కంప్యూటరు విషయానికి వద్దాము. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు ప్రారంభమైన పిమ్మట, పల్లెప్రజలు సైతం ధ్రువపత్రాలకు, పింఛన్లకు సంబంధించిన వివరాలను కంప్యూటరు తెరపై చూడడానికి అలవాటు పడినారు. తెరపై ఒక పేరు కనిపించాలంటే, వెనుకనున్న ప్రోగ్రాము సమాచార భాండారానికి రహస్య సంకేతపదం చెప్పి లోనికి ప్రవేశించాలి. ఆ సంకేతపదాన్ని ప్రోగ్రాము రాసిన వ్యక్తి అందులోనే రాసివేయడం తరచు జరిగే పొరపాటు. ఇది తాళం వేసి చెవిని చూరులో దోపడం వంటిది. ప్రోగ్రాము నకలు ఎక్కడికి పోతే చెవి కూడా అక్కడికి పోతుంది.

ఈ పొరపాటు ఫలితానికి టయోటా సంస్థ అనుభవమే నిదర్శనం. వారి సేవకు చెందిన ప్రోగ్రాములో కొంత భాగాన్ని ఉపగుత్తేదారు ఒకరు పొరపాటున గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా ఉంచినారు. అందులో సమాచార భాండారపు చెవి ఉన్నది. 2017 డిసెంబరు నుండి 2022 సెప్టెంబరు వరకు, దాదాపు అయిదేళ్లు, దానిని ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది ఖాతాదారుల ఈమెయిలు చిరునామాలు బయటపడి ఉండవచ్చునని సంస్థ ప్రకటించవలసి వచ్చింది.

దీనికి విరుగుడుగా ఏర్పడినదే విశేషాధికార ప్రవేశ నిర్వహణ అనే ఏర్పాటు. ఇది తాళపుచెవులకే ఒక ఖజానా. దీనితో ప్రోగ్రాములు మాట్లాడే ద్వారం పేరు ఏపీఐ. రహస్యాన్ని దాచేటప్పుడు ఖజానా దానిని ఒక చెవితో గూఢలిపిలోకి మార్చుతుంది. ఆ చెవిని మరొక మూలచెవితో మూసివేస్తుంది. కావలసినప్పుడు ప్రోగ్రాము ద్వారం వద్దకు వచ్చి తానెవరో రుజువు చేసుకుంటుంది. దానికి ఏ రహస్యం చూసే హక్కు ఉన్నదో ఖజానా నియమావళితో సరిచూస్తుంది. హక్కు ఉంటే ఇస్తుంది, లేకుంటే నిరాకరిస్తుంది. రెండింటినీ నమోదు చేస్తుంది. మేలైన ఖజానాలు కొద్ది నిమిషాలకే చెల్లిపోయే సంకేతపదాన్ని అప్పటికప్పుడు సృష్టించి ఇస్తాయి. దొంగిలించినవాడికి అది దక్కినా ఎక్కువసేపు ఉపయోగపడదు.

మరి ఆ మూలచెవి ఎవరి వద్ద ఉండాలి? 1979లో ఆది షమీర్ అనే ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు దీనికొక చక్కని గణిత సమాధానం చెప్పినాడు. మన రహస్యం 7 అనుకుందాము. 7 నుండి మొదలై అడుగడుగుకు 3 చొప్పున పెరిగే సరళరేఖను గీద్దాము. మొదటి అడుగు వద్ద 10, రెండవదాని వద్ద 13, మూడవదాని వద్ద 16 వస్తాయి. ఈ మూడింటిని ముగ్గురికి పంచుదాము. 10 ఒక్కటే తెలిసినవాడు ఏమీ తేల్చలేడు, ఎందుకనగా ఒక బిందువు గుండా రేఖలు అనేకం పోతాయి. 10, 13 కలిసినచో పెరుగుదల 3 అని తెలుస్తుంది. పదిలో మూడు పోగా ఏడు! ఏ ఇద్దరు కలిసినా తలుపు తెరుచుకుంటుంది, ఒక్కరితో తెరుచుకోదు. ముగ్గురిలో ఒకరు అందుబాటులో లేకపోయినా పని ఆగదు. ఖజానాలోని డబుల్ లాక్‌కు గణితశాస్త్రం తొడిగిన రూపమిది.

అయినను ఖజానా కట్టినంత మాత్రాన నిశ్చింత కూడదు. అమెరికా ఖజానా శాఖకు దూరం నుండి సాంకేతిక సహాయం అందించే సేవను నడిపిన బియాండ్‌ట్రస్ట్ సంస్థ విశేషాధికార రక్షణ సాధనాలనే విక్రయించే సంస్థ. ఆ సేవను కాపాడే ఒక చెవి దుండగుల చేత చిక్కినదని అది 2024 డిసెంబరు 8న ఆ శాఖకు తెలియజేసింది. అప్పటికే కొన్ని కంప్యూటర్లలోనికి వారు ప్రవేశించినారు. కావలివానికి కూడా కావలి అవసరమని దీనివలన తేలుతున్నది. మన దేశంలో సైతం సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో ఇటువంటి ఘటనలను 6 గంటలలోగా తెలుపవలెననీ, నమోదు పట్టీలను 180 రోజులు భద్రపరచవలెననీ నిర్దేశించింది.

ఇదంతా దూరపు సంగతి అనుకోరాదు. ఉపకారవేతనం కోరే విద్యార్థి తన ఆధార్ సంఖ్యను, బ్యాంకు ఖాతాను, తండ్రి ఆదాయ ధ్రువపత్రాన్ని నమ్మకంతో అప్పగిస్తాడు. మేము చూచిన ఒక కార్యాలయంలో అటువంటి వివరాలు తెరిచే సంకేతపదం కంప్యూటరు అంచున చీటీపై అంటించి ఉన్నది. అక్కడి ఉద్యోగులందరిదీ అదే సంకేతపదం. రేపు ఏదైనా పొరపాటు జరిగితే చేసినదెవరో తేల్చే దారి లేదు. నష్టపోయేది మాత్రం ఆ విద్యార్థి.

కనుక పాలకవర్గం వారికి మా విన్నపం: పెద్ద ఖజానా కొనలేకపోయినా దాని సూత్రాలకు ఖర్చు లేదు. ప్రతి ఉద్యోగికి వేరు ప్రవేశనామం, పని విడిచిన నాడే దాని రద్దు, చూచినదానికి నమోదు, ఇవి చాలు. రేపు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ప్రోగ్రాములు రాయబోయే సోదర విద్యార్థులు చెవిని చూరులో దోపకూడదన్న సంగతి ఈనాడే నేర్వాలి.

ఖజానా అనే మాట మన తెలుగులో ఎంతగా కలిసిపోయినదో, ఉర్దూలోని అమానత్ అనే మాట మన మనస్సులలో అంతగా నాటుకోవాలి. పరుని సొమ్మును మన చేత నమ్మి ఉంచడమే అమానత్. కంప్యూటరులోని ప్రతి పేరూ అటువంటిదే.