సైకిలు మీద సత్యాగ్రహం

9.1 ప్రవేశిక

పాల క్యాను కట్టుకొని వీధిలోకి వచ్చే సైకిలును మీరు రోజూ చూస్తూనే ఉంటారు. దాన్ని పోలీసు ఆపి, "ఈ రోడ్డు మీదికి రాకూడదు, వంద కట్టు" అంటే ఆ మనిషి ఏం చేయాలి? కోల్‌కతా నగరంలో ఈ ప్రశ్న ఏళ్ల తరబడి ఎందరికో ఎదురయింది. అక్కడి సైకిలు వారు కలిసి తమ గోడు ఎట్లా వినిపించారో, అటువంటి ప్రదర్శనను పోలీసులు అడ్డుకొంటే మనకు చట్టం ఇచ్చే రక్షణ ఏమిటో ఈ పాఠంలో తెలుసుకొందాం.

9.2 నిషేధం

2008లో కోల్‌కతా పోలీసులు 38 రోడ్లపై సైకిళ్లను నిషేధించారు. 2013లో ఆ సంఖ్య 174కు పెరిగింది. సైకిళ్లతోపాటు తోపుడుబండ్లు, మూడు చక్రాల సరుకు బండ్లు కూడా నిషేధం కిందికి వచ్చాయి. సైకిళ్ల వల్ల ట్రాఫిక్ నెమ్మదిస్తుందనీ, ప్రమాదాలు జరుగుతాయనీ పోలీసులు చెప్పారు. ఈ వాదనను పూర్తిగా కొట్టివేయలేం. ఆ నగరంలో రోడ్లకు దక్కిన స్థలం మొత్తం విస్తీర్ణంలో ఆరేడు శాతమే. అయితే ఇరుకు రోడ్డులో ఎక్కువ చోటు తినేది ఏది? ఒక కారు నిలిచే చోట అరడజను సైకిళ్లు సులువుగా పడతాయి గదా!

పట్టుబడిన వారికి వంద రూపాయల జరిమానా. లేదా సైకిలు స్టేషనుకు పోయేది. కారు ఉన్నవారికి వంద రూపాయలు లెక్కలోది కాదు. పాలు పోసేవారికి, పేపరు వేసేవారికి, కొరియరు కుర్రవాడికి అది ఆ రోజు కూలిలో పెద్ద ముక్క. సైకిలు పోతే మరునాటి పని కూడా పోయినట్లే. 2015లో అదే రాష్ట్ర ప్రభుత్వం 'సబుజ్ సాథీ' పథకం కింద 9 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లలకు సైకిళ్లు పంచడం మొదలుపెట్టింది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో ఆపినట్లయింది.

9.3 రోడ్డెక్కిన సైకిళ్లు

2013లో సైకిలు ప్రియులు, పర్యావరణ కార్యకర్తలు, సైకిలే బతుకుతెరువైన వారు కలిసి ప్రదర్శనలు జరిపారు. 'చక్ర సత్యాగ్రహ' అనే పేరుతో ఒక ఉద్యమం నడిచింది. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా పడింది. తరవాత నిషేధిత రోడ్ల సంఖ్య 62కు తగ్గింది. 2020లో కరోనా వల్ల బస్సులు, రైళ్లు సరిగా నడవనప్పుడు పోలీసులే నిషేధాన్ని కొంత సడలించారు.

'సత్యాగ్రహం' అనే మాటను ఇక్కడ గమనించండి. నిషేధం లేని రోడ్డు మీద గుంపుగా పోవడం నిరసన. నిషేధం ఉన్న రోడ్డు మీదికి తెలిసి తెలిసి పోయి, శిక్షకు సిద్ధపడడం సత్యాగ్రహం. రెండూ ఒకటి కావు. ఊరేగింపులో కలిసే ప్రతివారికీ తాము ఏది చేస్తున్నదీ ముందే తెలియాలి. ఉద్యోగస్తుడు ఒక పూట స్టేషనులో కూర్చున్నా నెట్టుకొస్తాడు. రోజుకూలి ఆ పూట నష్టపోతాడు. ఈ తేడాను మరిచే నాయకులు నాకు నచ్చరు.

9.4 ఇతర నగరాలలో

1992లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో నెలకొకసారి సైకిళ్లన్నీ గుంపుగా తిరిగే పద్ధతి మొదలయింది. దాని పేరు 'క్రిటికల్ మాస్'. 2004 ఆగస్టులో న్యూయార్కులో ఇటువంటి గుంపు మీద పడి పోలీసులు 250 మందికి పైగా అరెస్టు చేశారు. 2008లో అదే నగరంలో ఒక పోలీసు సైకిలు మీద పోతున్న మనిషిని తోసివేశాడు. పైగా తప్పంతా అతనిదే అని కాగితం రాశాడు. దారిన పోయేవారు తీసిన వీడియో బయటికి రాగానే సైకిలు మనిషి మీది కేసు ఎత్తివేశారు. తప్పుడు కాగితం రాసినందుకు 2010లో ఆ పోలీసుకే నేరం రుజువయింది.

లండనులో నెలనెలా జరిగే సైకిలు గుంపు ముందుగా నోటీసు ఇవ్వాలని పోలీసులు పట్టుబట్టారు. అది ఆనవాయితీగా జరిగే ఊరేగింపు కనుక నోటీసు అక్కరలేదని 2008లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఈ తీర్పు మన దేశంలో చెల్లదు.

9.5 మన చట్టం

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కుకు సమంజసమైన పరిమితులు పెట్టవచ్చునని కూడా అదే చెప్పింది. వీధులలో సభలను క్రమబద్ధం చేయవచ్చు గాని, మొత్తంగా నిషేధించే అధికారం పోలీసులకు లేదని హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు 1972లో చెప్పింది. గుంపుగా చేరరాదనే ఉత్తర్వును పూర్వం 144వ సెక్షను కింద ఇచ్చేవారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షను. ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, కారణం చెప్పాలి. కాబట్టి "ఉత్తర్వు చూపించండి" అని మర్యాదగా అడగడం ఎదురుతిరగడం కాదు.

అరెస్టు విషయంలో మనకు అండగా ఉన్న తీర్పు కూడా పశ్చిమ బెంగాల్ నుంచే వచ్చింది. లాకప్ మరణాల గురించి డి.కె. బసు 1986లో సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరమే వ్యాజ్యంగా మారి, 1996 డిసెంబరులో తీర్పయింది. దాని ప్రకారం అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా స్పష్టంగా కనిపించాలి. తేదీ, సమయం రాసిన అరెస్టు పత్రం మీద సాక్షి సంతకం, అరెస్టయిన వారి సంతకం ఉండాలి. బంధువుకో మిత్రుడికో కబురు చేయాలి. ఇరవైనాలుగు గంటలలోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. ప్రయాణానికి పట్టే సమయం ఇందులో లెక్కకు రాదు. స్త్రీలను సూర్యాస్తమయం తరవాత, సూర్యోదయానికి ముందు మామూలుగా అరెస్టు చేయరాదు.

జరిమానా కట్టితే రసీదు అడగండి. సైకిలు తీసుకొంటే దానికీ కాగితం అడగండి. రసీదు లేని వంద రూపాయలు సర్కారు ఖజానాకు చేరతాయని ఎవరు చెప్పగలరు? స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం ఉంది. ఫోను నంబరు 15100.

9.6 అభ్యాసం

1. నిరసనకు, సత్యాగ్రహానికి ఉన్న తేడాను మీ ఊరి ఉదాహరణతో రాయండి.

2. 'ఉత్తర్వు', 'రసీదు', 'వ్యాజ్యం' అనే మాటలను సొంత వాక్యాలలో వాడండి.

3. మీ పేటలో ఇరవైమంది సైకిలు ఊరేగింపు తీయదలచారు. తేదీ, వేళ, దారి, బాధ్యుల పేర్లు తెలుపుతూ పోలీసు ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాయండి. రెండు ప్రతులు తయారుచేయండి. ముట్టినట్లు ముద్ర వేయించుకొనే ప్రతిని ఎవరు దాచాలో కూడా నిర్ణయించండి.