ఫోనులో మోసమా? లాయరును అడుగుదాం

కుందుర్పి వాన తక్కువ పడే సీమ. ఇక్కడ ప్రతి రూపాయీ చెమటోడ్చి సంపాదించిందే. ఆ రూపాయి ఒక్క ఫోను మాటతో పోతే ఏం చేయాలి?

ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో అత్త, కోడలు ఉన్నారు. అత్తకు పొదుపు సంఘం అప్పు 20 వేలు వచ్చింది. శెనక్కాయ విత్తనాల కోసం బ్యాంకులో ఉంచింది.

ఒకరోజు ఫోను మోగింది. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఖాతా ఆగిపోతుంది. మీ ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి" అన్నారు. అత్త చెప్పింది. కాసేపటికే డబ్బంతా పోయింది.

అత్త ఏడ్చింది. "ఎవరికీ చెప్పొద్దమ్మా. మీ మామ తిడతాడు. సంఘంలో నవ్వుతారు" అంది.

"తప్పు దొంగది, నీది కాదత్తా! మనం దాచిపెడితే దొంగకే మేలు" అంది కోడలు.

ఇద్దరూ వెంటనే 1930 నంబరుకు ఫోను చేశారు. ఇలాంటి మోసాలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు ఇది. త్వరగా చెబితే డబ్బును దారిలోనే ఆపే వీలుంటుంది. తర్వాత బ్యాంకుకు చెప్పారు. బ్యాంకుకు చెప్పిన తర్వాత కూడా డబ్బు పోతే ఆ నష్టం బ్యాంకుదే. 2017లో రిజర్వు బ్యాంకు ఈ మాట చెప్పింది. ఆ పైన పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసిచ్చారు. కేసు కట్టితే ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి.

ఆపిన డబ్బు తిరిగి రావాలంటే ఒక్కోసారి కోర్టు ఉత్తర్వు కావాలి. అప్పుడు లాయరు అవసరం.

"లాయరుకు ఇచ్చేదానికి డబ్బు యాడుంది?" అంది అత్త.

డబ్బు అక్కరలేదు. 1987లో న్యాయ సేవల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఆడవాళ్లకు లాయరును ఉచితంగా ఇస్తారు. ఆదాయం ఎంతని అడగరు. కళ్యాణదుర్గం కోర్టులో న్యాయ సేవా కమిటీని అడగాలి. అనంతపురం కోర్టులో జిల్లా సంస్థ ఉంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

లాయరును ఇలా అడగండి:

"ఫోను మోసాల కేసులు ఇంతకు ముందు చూశారా?"

"ఐ.టి. చట్టం కింద ఏం చేయవచ్చు?"

ఈ చట్టం 2000లో వచ్చింది. ఇంకొకరిలా నటించి ఫోనులో మోసం చేస్తే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుల్మానా పడవచ్చు.

ఒక హెచ్చరిక. "పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు పంపండి" అని ఫోనులో ఎవరైనా అంటే నమ్మకండి. అది రెండో మోసం. డబ్బంతా తప్పక వస్తుందని మంచి లాయరు ఎవరూ మాట ఇవ్వరు.

కళ్యాణదుర్గంలో అత్త ముందు దరఖాస్తు పెట్టారు. వేలిముద్రకు సిరా డబ్బా తీశారు.

"ఉండు సామీ, చదువుకుంటాను" అంది అత్త. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. తర్వాత సంతకం చేసింది.

ఆలోచించండి, చెప్పండి:

1. మోసం జరిగిన వెంటనే ఏ నంబరుకు ఫోను చేయాలి?

2. ఉచిత లాయరు కోసం ఎక్కడికి పోవాలి?

3. అత్త సంగతి దాచిపెట్టి ఉంటే ఏమయ్యేది?

1930, 15100 నంబర్లు మీ ఇంటి గోడ మీద రాసుకోండి.