అమ్మాయికి ఈ బ్రాంచి వద్దన్నప్పుడు

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక చాలా ఇళ్లలో వెబ్ ఆప్షన్లు పెట్టేది విద్యార్థి కాదు. నాన్నో, బాబాయో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనమామ కొడుకో పెడతారు. అమ్మాయి అయితే సీఎస్‌ఈ, అదీ ఇంటికి దగ్గర్లో ఉన్న కాలేజీలో. మెకానికల్, సివిల్ అంటే ‘ఎండలో సైటు మీద ఆడపిల్ల ఏం నిలబడుతుంది’ అంటారు. అబ్బాయిలకూ ఈ బెడద ఉంది. బీఎస్సీ నర్సింగ్ చేస్తాననో, డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకుంటాననో అన్న కుర్రాణ్ని ఇంట్లో వింతగా చూస్తారు.

ఆడా మగా తేడాతో పాటు ఇక్కడ మరొకటి పనిచేస్తుంది. ఇంట్లోవాళ్లకు ఏ ఉద్యోగాలు తెలుసో, పిల్లల చదువూ ఆ పరిధిలోనే తిరుగుతుంది. మన దేశపు తొలితరం మహిళా ఇంజినీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత జీవితం చూడండి. 1919లో తెలుగు కుటుంబంలో పుట్టారు. 18 ఏళ్లకే భర్త పోయారు, ఒడిలో నెలల పాప. వైద్యం చదివితే వేళాపాళా లేని పని, పాపను చూసుకోవడం కష్టమని ఇంజినీరింగ్ వైపు మొగ్గారు. మద్రాసు గిండీ కాలేజీ అప్పటిదాకా అబ్బాయిలదే. అక్కడ ఎలక్ట్రికల్ ప్రొఫెసర్‌గా ఉన్న ఆమె తండ్రి పప్పు సుబ్బారావు ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ప్రవేశం ఇప్పించారు. ఎలక్ట్రికల్ పూర్తిచేసిన లలిత తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లోనూ పాలుపంచుకున్నారు. ఆమె ప్రతిభ గొప్పదే. కానీ ఆ తండ్రి మరో వృత్తిలో ఉంటే ఆ కాలేజీలో చేరగలిగేవారా? నాకు అనుమానమే. కూలి పనికి వెళ్లే తండ్రి కూతురికి ఈ రోజుకీ అలా మాట్లాడిపెట్టేవాళ్లు ఉండరు.

విద్యార్థులారా, ఆ లోటును మీరే పూడ్చుకోవాలి. మీకు నచ్చిన బ్రాంచిలో చదువుతున్న సీనియర్‌తో, ఆ పనిలో ఉన్న మనిషితో, వీలైతే ఆ పనిచేసే మహిళతో మాట్లాడండి. రోజంతా ఏం చేస్తారో అడగండి. జీతం సంగతి తర్వాత.

ఇంట్లో ‘ఇది నీకు సరిపడదు’ అంటే అసలు కారణం ఏమిటో నెమ్మదిగా అడగండి. ఎక్కువసార్లు అది దూరమో, హాస్టల్ భయమో, ఫీజో, పెళ్లో అయి ఉంటుంది. భయానికి జవాబు మాటలతో రాదు. అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఆ హాస్టల్ చూపించండి. డబ్బు అడ్డయితే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల రూపాయలు దాటనివారు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీ, డిప్లొమా సాంకేతిక కోర్సుల్లో చేరి, దానికి ఎంపికైన అమ్మాయిలకు ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు, ఒక ఇంట్లో ఇద్దరి వరకూ. ఇంజినీరింగ్ ప్రవేశాల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి కేటగిరీలో మూడోవంతు సీట్లు అమ్మాయిలవే. ఐఐటీలు 2018 నుంచి వాళ్లకు అదనపు సీట్లు ఇస్తున్నాయి. గేట్ పరీక్ష దరఖాస్తు రుసుములో వాళ్లకు సగం రాయితీ. ‘ఆడపిల్లకు కోర్ బ్రాంచిలో ఉద్యోగం ఎక్కడిది’ అనేవారికి చెప్పండి: గేట్ స్కోరుతో ఇంజినీర్లను తీసుకునే ప్రభుత్వ రంగ సంస్థలు ఉన్నాయి, ఆ దారి అమ్మాయిలకూ తెరిచే ఉంది. పెళ్లి మాట వస్తే మాత్రం చదువు అయ్యేదాకా ఆగమని గట్టిగా అడగండి. అందులో తప్పేమీ లేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. కొడుకు లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు అప్పు చేయడానికి వెనకాడని మీరు, కూతురు దూరాన ఉన్న మంచి కాలేజీలో సీటు తెచ్చుకుంటే హాస్టల్ ఫీజు దగ్గర ఆగిపోకండి.