బ్లూ కార్డ్ చేతికొచ్చాక: చేయవలసినవి, చేయకూడనివి

జర్మనీకి ఇంజినీరు ఉద్యోగం మీద వెళ్లే మనవాళ్లు బ్లూ కార్డ్, అంటే అక్కడ ఉంటూ పనిచేసే అనుమతి, వచ్చేదాకా కాగితం కాగితం సరిచూసుకుంటారు. వచ్చాక సొరుగులో పడేసి మర్చిపోతారు. నాలుగేళ్ల గడువుందన్న ధీమా. నిజానికి ఆ కార్డు ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగంలో ఏ మార్పు వచ్చినా ఆస్‌లెండర్‌బెహోర్డెకి, అంటే విదేశీయుల కార్యాలయానికి, మీరే చెప్పాలి.

బయల్దేరక ముందు

కాలేజీకి, డిగ్రీకి గుర్తింపు ఉందో లేదో అనాబిన్ డేటాబేస్‌లో చూసుకోండి. కాలేజీ ఎదురుగా ‘హెచ్ ప్లస్’ ఉండాలి. డిగ్రీ లేని ఐటీవాళ్లకు కూడా, గత ఏడేళ్లలో మూడేళ్ల అనుభవం చూపగలిగితే, 2023 నవంబరు నుంచి దారి తెరుచుకుంది. దాంతోపాటే ‘ఎక్స్‌పీరియన్స్ మేం పెట్టిస్తాం’ అనేవాళ్లకూ దారి దొరికింది. వాళ్ల జోలికి పోవద్దు. తప్పుడు వివరాలతో అనుమతి తెచ్చుకోవడం అక్కడ నేరం, ఎప్పుడు బయటపడినా కార్డు పోతుంది.

జీతం అంకెలో బోనస్ కలిపి చూసి మురిసిపోకండి. ఇంత ఇస్తామని ఒప్పందంలో ఖాయం చేయని సొమ్ము లెక్కలోకి రాదు. 2025లో ఏడాదికి గ్రాస్ జీతం 48,300 యూరోలు ఉండాలన్నారు. ఐటీ, ఇంజినీరింగ్, వైద్యం వంటి కొరత రంగాలకూ, డిగ్రీ చేతికొచ్చి మూడేళ్లు దాటనివాళ్లకూ 43,759.80. ఈ హద్దు ఏటా మారుతుంది. దరఖాస్తు పెట్టే సంవత్సరం అంకే చూసుకోండి.

దిగాక

చూడని ఇంటికి అడ్వాన్సు పంపొద్దు. ఓనరు వేరే దేశంలో ఉన్నాడు, తాళాలు కొరియర్‌లో వస్తాయి అన్నారంటే అది మోసమే. ఇంట్లో చేరిన రెండు వారాల్లో అన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించాలి. దానికి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. అది ఇవ్వనన్న ఇల్లు ఎంత చవకైనా వద్దు.

ఉద్యోగం పోతే

అసలు గండం ఇక్కడే. ఆరు నెలల దాకా ఉండే ప్రొబేషన్‌లో రెండు వారాల నోటీసుతో ఇంటికి పంపేయొచ్చు. ఊళ్లో నాన్నకి చెప్పడానికి నామోషీ, విదేశీయుల కార్యాలయానికి చెప్పడానికి భయం. చాలామంది నోరు మెదపరు. కానీ కంపెనీ తన వంతుగా ఎలాగూ తెలియజేస్తుంది. కాబట్టి రెండు వారాల్లో మీరే రాయండి, రాసినదాని కాపీ దాచుకోండి. చెప్పినంత మాత్రాన మర్నాడే పొమ్మనరు. కార్డు మీద రెండేళ్లు నిండనివాళ్లకు మూడు నెలలు, నిండినవాళ్లకు ఆరు నెలలు వెతుక్కునే వ్యవధి ఉండాలని 2021 నాటి ఐరోపా నిర్దేశం చెబుతోంది.

తీసేస్తున్నారని తెలిసిన మూడు రోజుల్లో ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకోండి. హెచ్‌ఆర్ ముందు పెట్టిన ‘పరస్పర అంగీకారం’ కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి. మీ అంతట మీరే మానేశారని లెక్కేసి నిరుద్యోగ భృతిని 12 వారాలు ఆపేయొచ్చు. తొలగింపు అన్యాయమనిపిస్తే లేఖ అందిన మూడు వారాల్లోపే కోర్టుకెళ్లాలి. జర్మన్‌లో వచ్చిన కవరును ‘శనివారం చూద్దాంలే’ అని పక్కన పెడితే ఆ గడువు కాస్తా కరిగిపోతుంది.

కంపెనీ మారాలంటే

మొదటి 12 నెలల్లో మారితే ముందు విదేశీయుల కార్యాలయానికి తెలపాలి. వాళ్లు 30 రోజుల దాకా ఆపి, కొత్త ఉద్యోగం షరతులకు సరిపోతుందో లేదో చూడొచ్చు. అందుకే అటు సంగతి తేలకుండా ఇటు రాజీనామా ఇవ్వొద్దు.

మిగతావి

గడువు తీరకముందే పొడిగింపుకి దరఖాస్తు పెట్టండి. అమ్మానాన్నల ఆరోగ్యం బాగాలేదని వచ్చి, వర్క్ ఫ్రమ్ హోమ్ అంటూ ఇక్కడే 12 నెలలు దాటించకండి, అనుమతి రద్దవుతుంది. జర్మన్ క్లాసు మానొద్దు. బీ1 స్థాయి ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసం అడగొచ్చు, ఏ1తో సరిపెట్టుకుంటే 27 నెలలు ఆగాలి.